గుడ్డ వెనక గోడ

దస్తగిరి మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు, చేతికేదో ఒక పని అంటగడతాడు. ఫోటోలో మొహం నల్లగా ఎందుకొస్తుందని అడిగిన ఒకాయన చేత మధ్యాహ్నం దాకా స్టూడియో కిటికీ అద్దాలు తుడిపించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆయనకు జవాబు దొరికిందో లేదో తెలీదు గానీ, అద్దాలు మాత్రం తళతళలాడాయట. కంబాలకోటలో నలభై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్న మనిషి దస్తగిరి. పెళ్ళిచూపులకు పంపే ఫోటో దగ్గర్నుంచి గోడకు తగిలించి దండ వేసే ఫోటో దాకా ఆయన చేతి మీదుగా పోనిది ఆ ఊళ్ళో ఏ ఇంటా లేదు. అలాంటి మనిషిని ఆయన శిష్యుడు మద్దిలేటి ఒక సాయంత్రం పట్టుకుని సూటిగా అడిగాడు.

“మాస్టారూ, ఏనుగుల మండపం కాకుండా ఈ ఊళ్ళో ఫోటో తీయదగిన తావులు ఇంకా యాడుండాయి? మీకు తెలిసినవన్నీ ఒక కాగితం మీద రాసియ్యండి. మీకు పుణ్యముంటుంది.”

అడగడం వెనక పెద్ద కష్టమే ఉంది. కంబాలకోట పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఎనిమిది రాతి ఏనుగులు వీపుల మీద మోసే ఆ మండపమే. బస్సు దిగినవాళ్ళు నేరుగా అక్కడికి పోతారు, దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు, చెరకురసం తాగి మళ్ళీ అదే బస్సెక్కుతారు. ఊరనేది ఒకటుందని కూడా వాళ్ళకు తెలీదు. మద్దిలేటి ఆరేళ్ళు ఆ మండపం ముందే మెడలో కెమెరా వేసుకుని, “సార్, ఒక్క ఫోటో, పది నిమిషాల్లో చేతికిస్తా” అంటూ బతికాడు. జనం చేతుల్లోకి ఫోన్లొచ్చాక ఆ బతుకు నీరుగారిపోయింది. అప్పుడు దస్తగిరి దగ్గర చేరి, తనకు వచ్చనుకున్న పనిని రెండేళ్ళుగా మళ్ళీ ఓనమాల నుంచి దిద్దుకుంటున్నాడు.

ఇంతలో కర్నూలులో పుస్తకాలు అచ్చువేసే శేషఫణి అనే ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కోటలున్న ఊళ్ళ మీద ఆయన వరసగా బొమ్మల పుస్తకాలు తేవాలనుకున్నాడు. మొదటిది కంబాలకోట. మద్దిలేటి పది ఫోటోలు పంపాలి. నచ్చితే మిగతా ఊళ్ళన్నీ కూడా అతనికే ఇస్తారు, రెండేళ్ళ పాటు చేతినిండా పని. షరతు ఒక్కటే పెట్టాడు. ఏనుగుల మండపం వద్దు, దాని ఫోటోలు మా అటక నిండా ఉన్నాయి అని రాశాడు.

నచ్చకపోతే కెమెరా అమ్మేసి, బేతంచెర్లలో బండలకు పాలిష్ పెట్టే పనికి పోతానని మద్దిలేటి భార్యకు మాటిచ్చి ఉన్నాడు. బావమరిది అక్కడే మేస్త్రీ, చోటు కూడా చూసిపెట్టాడు. ఆ పనంటే మద్దిలేటికి చిన్నచూపేమీ లేదు. కష్టపడి తినేవాడికి ఏ పనైతేనేం? కాకపోతే పొద్దున లేచి మెడలో కెమెరా లేకుండా వీధిలోకి రావడమన్నది తలుచుకుంటేనే అతనికి గుండె జారిపోయేది. గడువు చూస్తే ఎనిమిది రోజులే మిగిలింది. అప్పటికి పన్నెండు రోజులు కాళ్ళరిగేలా ఊరి చుట్టూ తిరిగి, కూలిన బురుజొకటి, కొండమీంచి పొద్దుగుంకడమొకటి, పావురాలు వాలిన కోటగుమ్మమొకటి తీశాడు. వాటిని వరసగా పెట్టుకుని చూస్తే తీసినవాడికే ఆవులింత వచ్చింది.

ప్రశ్న విని దస్తగిరి మాస్టారు తలాడించాడు. కాగితం కోసం వెదుకుతున్నాడేమోనని మద్దిలేటి ఆశపడ్డాడు. ఆయన బీరువాలోంచి తీసింది దుప్పటంత తెల్లగుడ్డ.

“దీన్ని ఉతికి రేపు ఏడింటికి తీసుకోని రా అబ్బీ. కోటలోపల పింఛను ఫోటోలు తియ్యాల. నలభై ఇండ్లు.”

ముసలివాళ్ళ పింఛను కాగితాలకు ఆ నెలలో కొత్త ఫోటోలు కావాలన్నారు. మనిషి వెనక తెల్లగా ఉండాలి, ఇంకేదీ కనబడకూడదు. గోడ మీది మేకు కనబడినా సరే, కాగితం తిరిగొచ్చేస్తుంది. స్టూడియో దాకా నడవలేని వాళ్ళ ఇళ్ళకు మాస్టారే పోతాడు. ఆయన ముందు నిలబడి ఫోటో తీస్తుంటే, వెనక గోడకు గుడ్డ కట్టే మనిషి ఒకరుండాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఇల్లు తగలబడుతోందని మొరపెట్టుకుంటే గుడ్డ ఉతుక్కురమ్మన్నాడేమిటీయన అని మద్దిలేటికి ఒళ్ళు మండిపోయింది. గురువు మాట కాబట్టి నోరు మూసుకుని ఉతికాడు.

కోటలోపల అంటే పాతకోట గోడల మధ్య మిగిలిన ఊరు. రాజులు పోయారు, మేడలు కూలాయి, ఆ రాళ్ళతోనే జనం తరతరాలుగా ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడ ఒక్క గోడన్నా సాపుగా ఉంటే ఒట్టు. మద్దిలేటి గుడ్డ కట్టినచోటల్లా ఏదో ఒకటి లోపల్నుంచి పొడుచుకొచ్చి ముడత పడేది, ముడత పడితే నీడ పడేది. “నీడ పడతాంది, లాగి కట్టు” అనేవాడు మాస్టారు. ఖాజాబీ అనే ముసలామె ఇంట్లో అయితే గుడ్డ మధ్యలో ముక్కులాగా ఏదో లేచి నిలబడింది. నులకమంచం నిలువుగా నిలబెట్టి, దాని మీద గుడ్డ పరిచి ఎట్లాగో గట్టెక్కాడు. కమ్మరి వీరాచారి ఇంట్లో గడప బండ గరుకుగా ఉండి స్టూలు కదులుతోందని, దాని మీద గోనెపట్ట మడిచి వేశాడు. రెండోనాడు సాయంత్రానికి అతని చెయ్యి ఎంత తిరిగిందంటే, ఎలాంటి ఎగుడుదిగుడు గోడనైనా రెండు నిమిషాల్లో మాయం చేసేవాడు. అందుకు లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

ఇళ్ళల్లోవాళ్ళతో అతను మాట్లాడింది తక్కువ. “అవ్వా, గడ్డం ఎత్తు. తాతా, కన్ను మూయొద్దు.” అంతే. అతని మనసంతా బయట, గుట్టల మీదా బురుజుల మీదా తిరుగుతుండేది. మధ్యాహ్నం మాస్టారు అన్నం తిని నడుం వాల్చగానే కెమెరా తీసుకుని పరుగెత్తేవాడు, చెమటలు కక్కుతూ ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు. రెండు రోజులు గంగలో కలిశాయి, ఇది మూడోదని మూడోనాటి పొద్దున లెక్కపెట్టుకున్నాడు.

ముప్పై ఆరో ఇల్లు ఓబులమ్మవ్వది. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు లేవవు గానీ నోరు బాగానే లేస్తుంది. ఇల్లంతా చీకటి, వెలుతురున్నది వసారా ఒక్కదానిలోనే. అక్కడ గోడకానుకుని కూర్చుని ఉంది. మద్దిలేటి అలవాటుగా గుడ్డ దులిపి గోడ మీదికి వెయ్యబోయాడు.

“ఆగు నాయనా. ఎవురి మొగాన గుడ్డేస్తాండావు?”

“గోడకవ్వా.”

“గోడ కాదు, పేరంటాలు. తెల్లగుడ్డ పీనుగ మీద కప్పుతారు. నా ఇంట్లో ఆమె మీద కప్పనియ్యను.”

గోడలో నడుమెత్తున ఒక రాయి ఉంది. పసుపు పూసి పూసి దాని అసలు రంగేమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ వంశంలో ఎప్పుడో భర్తతో పాటే ప్రాణం విడిచిన ఇల్లాలికి నిలిపిన రాయి అది. ఓబులమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచి శుక్రవారం శుక్రవారం దానికి పసుపూ కుంకుమా పెడుతోంది. మద్దిలేటి కళ్ళకు మాత్రం అది గోడ మీది పచ్చటి మరక. వెనక తెల్లగా లేకపోతే ఫోటో చెల్లదనీ, ఫోటో చెల్లకపోతే పింఛను ఆగిపోతుందనీ నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు.

“ఆగిపోతే పోనీ. పింఛను నిన్నగాక మొన్న వచ్చింది. ఆమె నీడన డెబ్బై ఏండ్లు బతికినా.”

మద్దిలేటి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు తనకేమీ పట్టనట్టు కెమెరా అద్దం తుడుచుకుంటున్నాడు. ఇక లాభం లేదని మద్దిలేటే ఒక ఉపాయం చెప్పాడు. గుడ్డ రాయికి తగలకుండా, మూరెడు ఎడంగా తనే చేతులతో పట్టుకుని నిలబడతాడు. ఓబులమ్మ సరేనని, కూర్చున్నచోటినుంచే గోడకు ఎడంగా ముందుకు జరిగింది. అతను గుడ్డ వెనక్కి పోయి నిలబడ్డాడో లేదో మళ్ళీ గొంతు లేచింది.

“ఆమెకు ఈపు చూపిస్తావా? అట్ల తిరుగు.”

“తిరిగితే గుడ్డ ఎట్ల పట్టుకునేదవ్వా?”

“నీ సావు నువ్వు సావు. ఈపు మాత్రం చూపొద్దు.”

మద్దిలేటి రాయి వైపు తిరిగాడు. గుడ్డను వీపు మీదుగా రెండు చేతుల కొసలకూ లాక్కుని, చేలో దిష్టిబొమ్మలాగా చేతులు చాపి నిలబడ్డాడు. మాస్టారికి ఆ రోజు ఎక్కడలేని తీరుబడి వచ్చింది. ఓబులమ్మ కొంగు సర్దమన్నాడు, కుంకుమ చెదిరిందన్నాడు, మొహం కొంచెం ఇటు అన్నాడు. ఆమె ఊరుకుంటుందా, మనవడి పెళ్ళి కబురు ఎత్తుకుంది. గుడ్డ వెనక ఉన్నవాడికి కదలడానికి లేదు, పక్కకు చూద్దామంటే గుడ్డ జారుతుంది. ఉన్నది ఎదురుగా ఆ రాయి ఒక్కటే.

వసారాలోకి వచ్చిన పొద్దుటి ఎండ గుడ్డ మీద పడి, వడగట్టుకుని, మెత్తటి వెలుగై రాయి మీద పరుచుకుంది. మొదట పసుపే కనిపించింది. కాసేపటికి ఆ పసుపులోంచి మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన చెయ్యొకటి తేలింది. చేతి నిండా గాజులు. ఏమీ తోచక లెక్కపెట్టాడు, తొమ్మిది. ఏ శిల్పో గాని, ఒక్కో గాజుకూ మధ్య ఉలిమొన పట్టేంత సందు వదిలి, తొందరపడకుండా చెక్కాడు. చేతి కింద గుర్రం, గుర్రం మీద మీసం మెలితిప్పిన మనిషి. పక్కన నిలబడిన ఇల్లాలి ముక్కు అరిగిపోయి నున్నగా ఉంది. అన్ని శుక్రవారాలు వేళ్ళు తగిలింది అక్కడే కదా. మద్దిలేటి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు తట్టింది అతనికి. ఖాజాబీ ఇంట్లో గుడ్డను పొడిచిందేమిటి? వీరాచారి గడప బండ అంత గరుకుగా ఎందుకుంది? ముప్పై అయిదు ఇళ్ళు, ముప్పై అయిదు గోడలు. ఊరంతా వెదుకుతున్నదాన్ని మూడు రోజులుగా తన చేతులతోనే కప్పుకుంటూ వచ్చాడు, అదీ ముడత లేకుండా లాగి లాగి. అంతకుముందు ఆరేళ్ళూ చేసింది మాత్రం ఏమిటి? “సార్, వీపు మండపం వైపు పెట్టండి, మొహం నా వైపు” అని వచ్చినవాళ్ళందరినీ తిప్పి నిలబెట్టడమే. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. గుడ్డ పట్టుకున్నందువల్ల తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

వీధిలోకి వచ్చాక ఉండబట్టలేక అడిగేశాడు.

“మీకు ముందే తెలుసు మాస్టారూ. తెలిసీ మూడు దినాలు నా చేత కప్పించినారు.”

“గుడ్డ పట్టుకోమంటి,” అన్నాడు దస్తగిరి. “గోడ చూడొద్దంటినా?”

మిగిలిన నాలుగు ఇళ్ళూ ముగించి, ఆ మధ్యాహ్నమే మద్దిలేటి కెమెరా భుజాన వేసుకుని ఖాజాబీ ఇంటికి పరుగెత్తాడు. గడువు అయిదు రోజులుంది. చెప్పులతోనే తోసుకుంటూ లోపలికి పోయి, “కొంచెం జరగండి, ఆ మంచం తియ్యండి” అని మొదలుపెట్టాడు. ఖాజాబీ కోడలు చేటలో బియ్యం పక్కన పెట్టి లేచింది. మొన్ననే ఫోటో అయిపాయ కదా, మళ్ళీ ఏంది, మా ఇల్లేమన్నా మండపమా అని వాకిలి దాకా సాగనంపి గడియ పెట్టుకుంది. ఇంకో రెండిళ్ళలోనూ అంతే. పొద్దుగుంకేదాకా వీధి అరుగు మీద దిగాలుగా కూర్చున్నాడు. తప్పు వాళ్ళది కాదని తెలుసుకోవడానికి అతనికి అంతసేపు పట్టింది.

మర్నాడు కెమెరా ఇంట్లో పెట్టి పోయాడు. తలుపు తట్టి, తీసేదాకా నిలబడి, రమ్మంటే చెప్పులు బయట విడిచి పోయి కూర్చున్నాడు. ఇచ్చిన మజ్జిగ తాగాడు. గోడలో ఉన్నది గుర్రం తల అని, గుడ్డను పొడిచింది దాని చెవేనని ఖాజాబీ చెప్పింది. పైకప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి ఎండ వచ్చి సరిగ్గా పదకొండు గంటలకు ఆ తల మీద పడుతుందట. “గుర్రం మీదికి ఎండొస్తే నేను జొన్నపిండి తీస్తా. మా ఇంట్లో గడియారం లేదు నాయనా,” అంది. వీరాచారి గడప బండ నిండా పాతకాలపు అక్షరాలున్నాయి. పొద్దంతా అది వట్టి బండే. సాయంత్రం ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు అరగంటసేపు అక్షరాలు లేచి నిలబడతాయి. ఆ అరగంట తన తండ్రి ఎవర్నీ గడప తొక్కనిచ్చేవాడు కాదని చెప్పాడు వీరాచారి. ఏ రాయి మీదికి ఎండ ఎప్పుడొస్తుందో, ఏ నెలలో అసలు రాదో ఆ ఇంటివాళ్ళకే తెలుసు. ఎంత గొప్ప కెమెరా ఉన్నా ఆ మాట చెప్పదు కదా. వాళ్ళు చెప్పిన వేళకు పోయి, వాళ్ళు కూర్చోమన్నచోట కూర్చుని మద్దిలేటి తొమ్మిది ఫోటోలు తీశాడు.

పదోదానికి ఓబులమ్మ దగ్గరికి పోయాడు. నిలబడి తియ్యొద్దు, ఎదురుగా కూర్చుని తియ్యమంది. కూర్చుంటేనే ఆ ఎత్తిన చెయ్యి చెయ్యిలాగా కనబడుతుందని కూర్చున్నాక తెలిసింది. తెల్లగుడ్డను ఈసారి వసారా మొగదలకు అడ్డంగా కట్టి, ఎండను వడగట్టుకున్నాడు. ఫోటో అయ్యాక ఓబులమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

“పక్కసందులో నాగుల బండ ఉండె. ఎవురో కార్లో వచ్చి ఫోటో తీసుకోని పోయిరి. నెల తిరక్కముందే బండ లేదు, రాత్రికి రాత్రే పెరుక్కోని పోయిరి. ఈమె యాడుందో ఊరూరికీ టముకెయ్యొద్దు నాయనా.”

వెయ్యనని మద్దిలేటి ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాడు.

ఫోటోలు చివరినాటికి కర్నూలు చేరాయి. వారం తిరక్కుండా శేషఫణి గారు ఫోన్ చేసి, ఇన్నేళ్ళలో ఇట్లాంటి ఫోటోలు నా దగ్గరికి రాలేదన్నాడు. మద్దిలేటి ఆ పూట అన్నం కూడా సరిగా తినలేకపోయాడు, సంతోషం అంతటిది. వెనకే ఒక కాగితం వచ్చింది. అందులో పది గళ్ళు. ఒక్కో ఫోటోకూ వీధి పేరు, ఇంటి నంబరు, దారి గుర్తులు రాయాలి. పుస్తకం పట్టుకుని వచ్చినవాడు ఊళ్ళో ఎవర్నీ ఒక్క మాటైనా అడగక్కర్లేకుండా నేరుగా ఆ చోటికి పోగలగాలి. అది లేకపోతే అచ్చుకు పోదు.

మద్దిలేటి ఆ కాగితం ముందు పెట్టుకుని స్టూడియోలో పొద్దంతా కూర్చున్నాడు. రాస్తే రెండేళ్ళ పని. రాయకపోతే బేతంచెర్ల బస్సు. బావమరిది ఆ పొద్దునే ఫోన్ చేసి, సోమవారానికల్లా ఏదో ఒకటి తేల్చమన్నాడు. ఏం రాయాల మాస్టారూ అని రెండుసార్లు అడిగాడు. దస్తగిరి ఎవరివో ఫోటోలు కత్తిరించుకుంటూ ఊకొట్టాడే గాని తలెత్తలేదు. చేతికి పనైనా ఏదీ ఇవ్వలేదు. చివరికి మద్దిలేటి కలం తీసి పది గళ్ళలోనూ ఒకే మాట రాశాడు. రాసినది శేషఫణి గారికి ఫోన్లోనే చదివి వినిపించాడు. “కోటలోపల. తలుపు తట్టి అడగాలి.”

అవతల శేషఫణి గారు గొంతు పెంచాడు.

“ఇదేంటయ్యా? డబ్బు పెట్టి పుస్తకం కొన్నవాడు వీధి వీధీ తలుపులు తట్టుకుంటూ తిరగాలా?”

“తిరగాల సార్. నేనట్లనే తీసినా.”

“వాళ్ళు తీయకపోతే?”

“ఎనక్కి పోవాల సార్.”

శేషఫణి గారు ఈసారి నిదానంగా చెప్పాడు. ఆదివారం ఆయనే వస్తాడు. మద్దిలేటి పక్కన ఉండకూడదు, వస్తున్నట్టు ఎవరికీ ముందుగా చెప్పకూడదు. తను తట్టిన తలుపులు తెరుచుకుంటే కాగితంలో రాసింది రాసినట్టే అచ్చేస్తాడు. తెరుచుకోకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అంతమాట అని ఫోన్ పెట్టేశాడు.

మద్దిలేటి ఫోన్ పక్కన పెట్టాడు. విన్నదంతా మాస్టారికి చెప్పి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“ఆయనెవురో వాళ్ళకు తెలీదు మాస్టారూ. నా బతుకంతా ఇప్పుడు ఆ తలుపుల మీద ఉంది. తీస్తారంటారా?”

దస్తగిరి మాస్టారు కత్తిరించిన ఫోటోల అంచులు సరిచేసి, కవర్లో పెట్టి, కత్తెర పక్కన పెట్టాడు.

“చెప్పులు బయట ఇడిసినోళ్ళకు తీస్తారు,” అన్నాడు.